వాన ఒక్కటే, నేలలు మూడు

సహీహ్ బుఖారీలోని జ్ఞాన ప్రకరణం బోధించేటప్పుడు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు వద్ద మేము ప్రతి సంవత్సరం కొంతసేపు ఆగుతాము. దైవప్రవక్త (సఅసం) తాము తెచ్చిన మార్గదర్శకత్వాన్ని, జ్ఞానాన్ని ఒక భారీ వర్షంతో పోల్చారు. ఆ వాన మూడు రకాల నేలల మీద కురిసింది. మొదటి నేల నీటిని తనలోకి తీసుకొని పచ్చికను పుష్కలంగా మొలిపించింది. రెండవది గట్టి నేల. అది నీటిని ఇంకించుకోలేదు గాని నిలిపి ఉంచింది. జనులు ఆ నీటిని తాగారు, పశువులకు పట్టారు, పైర్లకు పెట్టుకున్నారు. మూడవ నేల నీటిని నిలపనూ లేదు, మొక్కను మొలిపించనూ లేదు. ధర్మవేత్తలు ఈ మూడింటినీ మనుషుల హృదయాలకు అన్వయించి వ్యాఖ్యానించారు. ముప్పై ఏళ్ళుగా మేమూ అదే వ్యాఖ్యానం చెబుతున్నాము. నేలను గురించి మాత్రం ఒక్క మాట చెప్పిన జ్ఞాపకం లేదు.

నిరుడు వర్షాకాలంలో ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్, మూడో నేల పుట్టుకతోనే అలా ఉంటుందా, తర్వాత అలా అవుతుందా?" అని అడిగాడు. రైతు కుటుంబం నుండి వచ్చిన పిల్లవాడు. బయట అప్పుడే వాన వెలిసింది. మదరసా ఆవరణలో నీరు మడుగు కట్టి ఉంది. గోడకు అవతల ఖబ్రస్తాన్‌లో వేపచెట్ల కింద ఒక్క చుక్క కూడా నిలిచి లేదు. రెండింటి మీదా కురిసింది ఒకే వాన. మధ్యనున్నది ఒక గోడ మాత్రమే. మేము సమాధానం చెప్పలేకపోయాము. చూసి చెబుతామని అన్నాము.

మా మస్జిదులో నమాజుకు వచ్చే సైన్సు ఉపాధ్యాయులు ఒకరు ఉపాయం చెప్పారు. పాలపొడి డబ్బాకు అడుగు కోసివేసి, రెండు వైపులా తెరిచిన గొట్టంలా చేసి, నేలలోకి రెండు వేళ్ళ లోతు దించాలి. కొలిచిన నీరు అందులో పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. వాన వెలిసిన మూడో నాడు ఆ డబ్బా, ఒక లోటా, ఒక గడ్డపార పట్టుకొని నలుగురు విద్యార్థులతో బయలుదేరాము. మొదటి మజిలీ ఖబ్రస్తాన్ కనుక హాఫిజ్ పిల్లవాడు మృతుల కోసం యాసీన్ సూరా అందుకున్నాడు. మొదటి రుకూ పూర్తి కాకముందే డబ్బాలో నీరు మాయమైంది. అలా అనుకోకుండా అతని పారాయణమే మాకు గడియారమైంది.

తర్వాత మదరసా ఆవరణలో పిల్లలు రోజంతా నడిచే చోట డబ్బా దించబోతే దిగలేదు, గడ్డపారతో కొట్టవలసి వచ్చింది. అతడు యాసీన్ రెండుసార్లు పూర్తి చేసినా నీరు వేలెడు కూడా దిగలేదు. పట్టణం అంచున నాలుగేళ్ళ క్రితం వరకు జొన్న పండిన చెలకను ఇప్పుడు మొరం పోసి, రోలర్ తిప్పి, రాళ్ళు పాతి ప్లాట్లుగా చేశారు. అక్కడ అసర్ నమాజు తర్వాత పోసిన నీరు మగ్రిబ్ వేళకూ ఉంది. డబ్బాను అక్కడే వదిలి వచ్చాము. ఫజర్ తర్వాత వెళ్ళి చూస్తే అడుగున ఇంకా తడి మెరుస్తోంది.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే ఎర్రమట్టి. మెదక్ చుట్టూ రాతి గుట్టలు అరిగి ఏర్పడిన చెలక నేలలే ఎక్కువ. ఖబ్రస్తాన్‌కు, మా ఆవరణకు, ఆ ప్లాట్లకు మధ్య మట్టి జాతిలో భేదం లేదు. భేదం మట్టి మధ్యనున్న ఖాళీలో ఉంది.

ఆరోగ్యంగా ఉన్న నేలలో మట్టి రేణువులు ఆక్రమించేది దాదాపు సగం స్థలమే. మిగిలిన సగం ఖాళీ. ఆ ఖాళీని నీరు, గాలి పంచుకుంటాయి. నేలను చెదరకుండా లీటరు కొలతతో కోసి తీసి ఎండబెట్టి తూస్తే 1.3 కిలోలు వచ్చిందనుకుందాం. అందులో సగం ఖాళీ ఉన్నట్లు. అదే కొలత మట్టి 1.7 కిలోలు తూగితే ఖాళీ మూడో వంతుకు కొంచెం పైన మిగిలినట్లు. అంత బిగిసిన నేలలోకి లేత వేరు చొరబడడం కష్టం. అయితే ఖాళీ ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, అది ఏ పరిమాణపు రంధ్రాలలో ఉందన్నది అంతకంటే ముఖ్యం. వానపాము తొలిచిన దారి, కుళ్ళిన వేరు వదిలిన గొట్టం, చీమల బొరియ వంటి పెద్ద రంధ్రాలు వాననీటిని లోపలికి దించుతాయి. మధ్యరకపు రంధ్రాలు ఆ నీటిని పట్టి ఉంచి వేళ్ళకు అందిస్తాయి. మరీ సన్నని రంధ్రాలలో చిక్కిన నీరు అక్కడే ఉంటుంది గాని మొక్క దాన్ని పీల్చుకోలేదు. నల్లరేగడిలో మొత్తం ఖాళీ ఇసుక దుబ్బలో కంటే ఎక్కువే. అయినా తడిసిన రేగడిలోకి నీరు నెమ్మదిగా దిగుతుంది, దుబ్బలో గబగబా దిగిపోతుంది. దీనికి కారణం ఇదే.

కాళ్ళు తొక్కినా, రోలర్ తిరిగినా, ట్రాక్టరు చక్రం నడిచినా ముందుగా నలిగిపోయేవి ఆ పెద్ద రంధ్రాలే. ద్వారం మూసుకున్నాక లోపల ఎంత చోటుండి ఏం లాభం?

ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలిసినవారు మా ఊరి గోర్కన్ చాచా. ఖబర్ తవ్వేటప్పుడు తేమ ఎంత లోతుకు దిగిందో ఆయన చేతితో కొలుస్తారు. పెద్ద వాన కురిసిన వారం, వేపచెట్ల మధ్య మూరెడు లోతు వరకు మట్టి తడిగా ఉంటుందట. ద్వారం దగ్గర, జనాజాలు నడిచే బాటలో జానెడు దాటదట. ఒకే ఖబ్రస్తాన్‌లో పాతిక అడుగుల ఎడంలో ఇంత తేడా. నేల గట్టిగా ఉన్నచోట పక్కకు తొలిచే లహద్‌ను, వదులుగా రాలే చోట నడుమ తీసే షఖ్‌ను ఫిఖహ్ గ్రంథాలు ఎందుకు సూచించాయో మేము పుస్తకంలో చదివాము. ఆయనకు పారే చెబుతుంది. కొత్త ఖబర్ మీది మట్టి మొదటి వానలకే ఎందుకు కుంగుతుందని అడిగితే, "తవ్వి పోసిన మట్టిలో గాలి ఎక్కువ, బలం తక్కువ మౌలానా. వేళ్ళు పట్టుకున్న మట్టి అలా కుంగదు" అన్నారు. నేలను గుల్ల చేయడానికి దున్నితే చాలని భావించేవారికి ఇంతకు మించిన జవాబు మేము చెప్పలేము.

చెట్టున్న చోట ఎల్లవేళలా తేమ అధికంగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. చెట్టు నేలను గుల్ల చేస్తుంది, నీటిని దించుతుంది, తానూ తాగుతుంది. వేసవి చివర చూస్తే వేపచెట్టు కింద రెండు మూరల లోతు మట్టి బయటి మట్టికంటే పొడిగా ఉండవచ్చు. గుల్లతనం వేరు, తేమ వేరు. మొదటిది నేలకున్న పాత్ర, రెండవది ఆ పాత్రలో ఆ రోజున్న నీరు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో జరిగిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. చెట్లు అసలే లేని పొలాల్లోనూ, మరీ దట్టంగా ఉన్నచోటా కాక, ఎడం ఎడంగా ఉన్నచోటే భూగర్భంలోకి ఎక్కువ నీరు చేరుతుందని అందులో తేలింది. మన పాతకాలపు చెలకల్లో గట్ల వెంట ఒక వేప, ఒక తుమ్మ, నడుమ ఒక ఇప్ప ఉండేవి. ట్రాక్టరుకు అడ్డమని వాటిని కొట్టించాము.

ఇక వరి మడుల సంగతి. మెదక్ మాగాణికి ప్రాణం మంజీర మీది ఘనపురం ఆనకట్ట. 1905లో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో పూర్తయింది. మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు. మొదటి కాలువ కింది పొలానికి వెళ్ళాము గాని అక్కడ డబ్బాతో పనే పడలేదు, మడి నిండా నీరే. బురద దున్నినప్పుడు రైతు పైమట్టిలోని పెద్ద రంధ్రాలను కావాలనే చెరిపివేస్తాడు. ఏళ్ళ తరబడి అలా దున్నగా జానెడు లోతున గట్టి పొర ఏర్పడి నీటిని ఆపుతుంది. ఇది నేలను పాడు చేయడం కాదు, హదీసులో చెప్పిన రెండో నేలను చేతులతో తయారు చేయడం. చెరువు అడుగు కూడా అటువంటిదే. అయితే అదే మడిలో నీరు చాలక మక్క వేస్తే ఆ పొర శాపమవుతుంది. వేరు దిగదు, పైన వాన పడితే ఉక్కిరిబిక్కిరై పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ మడి గట్టు మీద సరదాగా డబ్బా పెట్టి నీరు పోశాడు మా పిల్లవాడు. గుటుక్కున మాయమైంది. కింద ఎండ్రకాయ బొరియ ఉంది.

నిజాం కాలపు రెవెన్యూ అధికారులు ఈ భేదాన్ని పేర్లలోనే పెట్టుకున్నారు. ఖుష్కీ అంటే మెట్ట, తరి అంటే తడి పొలం, వానాకాలపు వరి ఆబీ, ఎండాకాలపు వరి తాబీ, తోట భూమి బాగాత్. ఫార్సీ తెలియని తెలుగు రైతుల నోళ్ళలో ఈ మాటలు నేటికీ ఉన్నాయి. మన పిల్లలకు వాటి అర్థం తెలియకపోవడం మాకు వింతగా ఉంటుంది. పహాణీలో ఖుష్కీ అని రాసి ఉన్న భూములు ఇప్పుడు బోరు నీటితో తరిగా మారాయి, మరికొన్ని ప్లాట్లయ్యాయి. కాగితం మీద పేరు మారకముందే నేల లోపలి నిర్మాణం మారిపోతోంది.

మెదక్ సంవత్సర వర్షపాతం సుమారు 850 నుండి 900 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం నాలుగు నెలలలో, కొన్ని పెద్ద వానలుగా వస్తుంది. ఆ కొన్ని గంటలలో నేల తలుపు తెరిచి ఉందా లేదా అన్నదాని మీద మిగిలిన ఎనిమిది నెలల బావులు, బోర్లు ఆధారపడి ఉన్నాయి. ఈ విషయాన్ని లోకానికి అంకెలతో చూపిన చోటు కూడా పాత మెదక్ జిల్లాలోనే ఉంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రచెలక, నల్లరేగడి రెండూ ఉన్నాయి. అక్కడి రేగడిలో 1976 నుండి పక్కపక్కనే రెండు పద్ధతులు నడిపారు. ఒకచోట పాత అలవాటు ప్రకారం వానాకాలమంతా నేలను ఖాళీగా ఉంచి తర్వాత ఒక పంట వేశారు. మరొకచోట వెడల్పాటి మడులు, నడుమ చాళ్ళు తీసి, వానాకాలంలోనే కందిని కలిపి పంట వేసి, గట్ల మీద ఆకు ఎరువు చెట్లు పెంచారు. పాతికేళ్ళ లెక్కలు చూస్తే మొదటి చోట ఏటా సగటున 220 మిల్లీమీటర్ల వాననీరు పారిపోయింది, రెండో చోట 91 మాత్రమే. హెక్టారుకు కొట్టుకుపోయిన మట్టి మొదటి దానిలో 6 టన్నులకు పైగా, రెండో దానిలో ఒకటిన్నర టన్ను. ధాన్యం దిగుబడి ఒకచోట సుమారు 1 టన్ను, మరొకచోట దాదాపు 5 టన్నులు. వాన ఒక్కటే, మట్టీ ఒక్కటే. ఎర్రనేలల ప్రయోగాలలో మరో సంగతి బయటపడింది. లోతుగా దున్నితే వచ్చే గుల్లతనం కొన్ని వానలకే పోయింది, గడ్డి పరిచి కప్పినచోట మాత్రం నీటి పారుదల బాగా తగ్గింది. చినుకు నేరుగా తగిలితే ఎర్రమట్టి పైన పలచని పెంకు కడుతుంది. ఆ పెంకే తలుపు మూసేది.

ఇందాక చెప్పిన బుర్కినా ఫాసోలోనే యాకూబా సావడోగో అనే రైతు ఉండేవారు. బాల్యంలో మాలీ దేశంలోని ఖుర్ఆన్ పాఠశాలలో చదివిన వ్యక్తి. ఆ కారణంగా మాకు ఆయన మీద మరి కాస్త అభిమానమని దాచకుండా చెబుతున్నాము. 1980ల కరువులో ఊళ్ళు ఖాళీ అవుతుంటే ఆయన రాయిలా బిగిసిన నేలలో గుంటలు తవ్వి, వాటిలో పెంట వేయసాగారు. జాయ్ అనే ఆ గుంటలు అక్కడి పాత పద్ధతే, ఆయన వాటిని మరింత వెడల్పు, లోతు చేశారు. పెంట కోసం చెదలు వచ్చాయి. చెదలు నేలను తొలిచాయి. ఆ తొలిచిన దారులలో వాన దిగింది. మనం చూడగానే మందు కొట్టే పురుగు అక్కడ నాగలి పని చేసింది. పిచ్చివాడని నవ్వినవారున్నారు, ఆయన పెంచిన చెట్లను తగలబెట్టినవారూ ఉన్నారు. చివరికి బంజరులో సుమారు 40 హెక్టార్ల అడవి నిలిచింది. 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకున్న ఆయన 2023 డిసెంబరులో పరమపదించారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక!

ఇంతవరకు ఇతరుల నేలల గురించి చెప్పాము. అసలు చెప్పవలసింది మా నేల గురించే.

మా మదరసాకు ఒక పుణ్యాత్ముడు ఇచ్చిన నాలుగెకరాల చెలక ఉంది. దాని కౌలు సొమ్ము పిల్లల వంటశాలకు వెళుతుంది. ఏటా ఉగాదికి ముందు వేలం వేసి, ఎక్కువ పాడినవారికి ఒక సంవత్సరానికి ఇస్తూ వచ్చాము. పదిహేనేళ్ళుగా ఆ వేలానికి కూర్చున్నవారిలో మేమూ ఒకరము. ఆ రోజు ఆ పొలంలోనూ డబ్బా పెట్టాము. సాలు నడుమ నీరు మెల్లగా, విసుగు పుట్టేంత మెల్లగా దిగింది. గోటితో పైపెంకు గీకి మళ్ళీ పోస్తే త్వరగా దిగింది. పది అడుగుల అవతల ట్రాక్టరు చక్రం తొక్కిన జాడలో మా మదరసా ఆవరణకూ దానికీ తేడా లేదు. గడ్డపారతో అడుగు లోతు తవ్వితే ఒక్క వానపాము కనిపించలేదు. ఒకప్పుడు అదే పొలంలో ఎర్రలు ఏరి చేపలకు వెళ్ళేవాళ్ళమని మా వంటమనిషి అన్నాడు.

ఆ ఏటి కౌలుదారును పిలిచి పెంట ఎందుకు వేయలేదని కొంచెం కటువుగానే అడిగాము. ఆయన నొచ్చుకోలేదు. "ఈ ఏడు నేను పెంట కొడితే వచ్చే ఏడు పంట తీసేది ఇంకొకడు గద సాబ్. ఏడాది కౌలుకు ఎవడన్న చెరువు మట్టి తోల్తడా?" అన్నాడు.

ఆ రాత్రి మేము వక్ఫ్ కౌలు ప్రకరణాన్ని మళ్ళీ తెరిచాము. ఆస్తి కౌలుదారు చేతిలో పాతుకుపోకూడదని మన హనఫీ ధర్మవేత్తలు గడువు పెట్టారు. ఇళ్ళకు ఒక సంవత్సరం, సాగుభూములకు మూడు సంవత్సరాలు. భూమికి ఎందుకు ఎక్కువ ఇచ్చారో మేము విద్యార్థులకు ఎన్నడూ వివరించలేదు, మాకే తట్టలేదు. ఇంటి గడువును పొలానికి పెట్టి పదిహేనేళ్ళు నడిపాము. విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికింది. మూడో నేల పుట్టుకతోనే కాదు, మా వేలంపాటలోనూ తయారవుతుంది.

కమిటీలో విషయం పెట్టాము. మూడేళ్ళ కౌలు, మొదటి వేసవిలో చెరువు పూడిక మట్టి తోలాలి, ఏటా ఒక్కసారైనా గొర్రెల మంద పెట్టించాలి, మక్క చొప్ప తగలబెట్టరాదు, సాళ్ళ మధ్య కంది ఉండాలి. ఇందుకు బదులుగా కౌలు తగ్గించాలి. ఒక సభ్యుడు తీవ్రంగా అభ్యంతరం చెప్పాడు. తగ్గే సొమ్ము పిల్లల పప్పులో నుంచే పోతుందని, వానపాముల కోసం అనాథల విస్తరి పలచన చేస్తారా అని అడిగాడు. ఆ మాట నేటికీ మమ్మల్ని గుచ్చుతుంది, ఎందుకంటే అది అబద్ధం కాదు. రెండు సమావేశాల తర్వాత నిర్ణయం జరిగింది. తగ్గిన సొమ్ములో కొంత ఇద్దరు దాతలు భరించారు. మిగిలినది వంటశాల ఖర్చులోనే తగ్గింది.

పూడిక మట్టి సంగతి తెలియనివారికి ఒక మాట. చెలక నుండి కొట్టుకుపోయిన సన్నని మట్టే చెరువులో చేరుతుంది. దానిని తిరిగి చెలకకు చేర్చడం తెలంగాణలో తాతల నాటి పని. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలంలో ఊరూరా జరిగింది. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేలలో ఆ సన్నమట్టి కలిస్తే నీటిని పట్టి ఉంచే మధ్యరకపు రంధ్రాలు పెరుగుతాయి, వానకూ వానకూ మధ్య పైరు మరికొన్ని రోజులు తట్టుకుంటుంది.

ఈ ఉగాదికి అదే కౌలుదారు మూడేళ్ళకు ఒప్పుకున్నాడు. వేసవిలో మట్టి తోలాడు, రెండు రాత్రులు మంద పెట్టించాడు. గత నెలలో పెద్ద వాన వెలిసిన మూడో నాడు పాత డబ్బా పట్టుకొని అదే విద్యార్థులతో వెళ్ళాము. మంద పడుకున్న మూలలో యాసీన్ సగానికి రాకముందే నీరు దిగింది. పొలం నడుమ నిరుటి కంటే కొంత మేలు, అంతే. తూర్పు గట్టు దగ్గర మాత్రం సూరా పూర్తయినా నీరు నిలిచే ఉంది. కారణం అడిగితే కౌలుదారు తల గోక్కున్నాడు. చెరువు మట్టి తెచ్చిన ట్రాక్టర్లన్నీ అక్కడే తిరిగి వెనక్కి మళ్ళాయట. కంది కోశాక ఆ మూలను గడ్డపారలతో తవ్వించి పెంట వేయిస్తానని అన్నాడు. మేము పిల్లలను కూడా పంపుతామన్నాము.